ముందు కరెంటు బిల్లు తెండి, ప్యానెల్ మాట తర్వాత

పొడుగ్గా రాస్తున్నాను. కొంచెం కోపంతోనే రాస్తున్నాను. కానీ ఏ ఒక్కరి మీదా కాదు. నేను బడిలో చదివింది తమిళం. తెలుగు ఇంట్లో మాట్లాడిందే గానీ, అక్షరాలు రిటైర్ అయ్యాక మనవరాలి పక్కన కూర్చుని దిద్దుకున్నవి. ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే చిన్నవాళ్ళు సరిదిద్దండి. లెక్క తప్పితే మాత్రం ఇక్కడే, అందరి ముందే చెప్పండి.

పోయిన ఆదివారం మీటింగుకు రానివాళ్ళ కోసం ఏం జరిగిందో చెబుతాను. ఒక సోలార్ డీలరు ప్రొజెక్టరు పెట్టి మాట్లాడాడు. సంఘంలోని ప్రతి ఇంటికీ 3 కిలోవాట్ల సోలార్. ఖర్చు 2 లక్షలు. పీఎం సూర్య ఘర్ పథకం కింద 78,000 సబ్సిడీ వస్తుంది. మన చేతి నుంచి పడేది 1,22,000. ఐదేళ్ళలో పెట్టుబడి వాపసు, ఆ తర్వాత ఇరవై ఏళ్ళు కరెంటు ఊరికే. వంద ఇళ్ళు ఒకేసారి చేరితే ఇంకా కొంత తగ్గిస్తాడట. సబ్సిడీ మీటరు బిగించాకే మన ఖాతాలో పడుతుంది గనుక, అప్పటిదాకా ఆ 78,000 సర్దలేని ఇళ్ళకు మన చదువుల నిధి నుంచి అడ్వాన్సు ఇద్దామని కమిటీ ప్రతిపాదన. చప్పట్లు కొట్టారు. నేను లేచి ఒక్క ప్రశ్న అడిగాను: "ఐదేళ్ళు అన్నారు కదా, అది ఎవరి ఇంటి బిల్లుకు?"

డీలరు "యావరేజి సార్" అన్నాడు. ఆ యావరేజి ఇల్లు ఏ వీధిలో ఉందని అడిగాను. నవ్వారు. "మామ మళ్ళీ మొదలుపెట్టాడు" అని వెనక నుంచి ఒక గొంతు. అవును నాయనా, మళ్ళీ మొదలుపెట్టాను. ముప్ఫై నాలుగేళ్ళు పార్సిల్ ఆఫీసులో కూర్చున్నవాణ్ణి. మూట చూసి "ఉజ్జాయింపుగా నలభై కిలోలు ఉంటుంది" అని ఎవరు చెప్పినా రాసుకోలేదు. కాటా మీద పెట్టాకే బిల్లు రాశాను. మీ ఇంటికి 1,22,000 ఖర్చు రాసేటప్పుడు మీ బిల్లును కాటా మీద పెట్టవద్దా?

ముందు మన ఈబీ బిల్లు ఎలా వేస్తారో చూద్దాం. నెలకు వేల రూపాయలు కడుతున్నవాళ్ళు కూడా కార్డు వెనక్కి తిప్పి చూడరు. తమిళనాడులో ఇళ్ళకు రెండు నెలలకొకసారి రీడింగు. మొదటి 100 యూనిట్లు అందరికీ ఉచితం. మొత్తం 500 లోపు ఉంటే 101 నుంచి 200 దాకా యూనిట్‌కు 2.35, 400 దాకా 4.70, 500 దాకా 6.30. మొత్తం 500 దాటిందా, ఆ 2.35 ధర మాయమైపోతుంది. 101 నుంచి 400 దాకా అన్నిటికీ 4.70. ఆపైన 500 దాకా 6.30, 600 దాకా 8.40, 800 దాకా 9.45, 1000 దాకా 10.50, ఆపైన 11.55.

కాగితం మీద వేసి చూడండి. 500 యూనిట్లకు బిల్లు 1,805. 501 యూనిట్లకు 2,048. ఒక్క యూనిట్ కోసం 243 రూపాయలు! ఆ ఒక్క యూనిట్ అంటే ఇస్త్రీ పెట్టె ఒక గంట. ఈ 500 గీత గుర్తుపెట్టుకోండి. నా వాదన మొత్తం ఆ గీత మీదే ఉంది.

మీటింగు అయ్యాక నేను మా వీధిలోనూ పక్క వీధిలోనూ పదకొండు ఇళ్ళకు వెళ్ళి బిల్లులు అడిగి చూశాను. కొందరు "ఎందుకన్నా?" అన్నారు, కొందరు కాఫీ ఇచ్చారు. అందులో రెండు ఇళ్ళ లెక్క చెబుతాను. పేర్లు వద్దు.

మొదటిది కిరాణా కొట్టు పెట్టుకున్న తమ్ముడి ఇల్లు. ఉమ్మడి కుటుంబం, రెండు అంతస్తులు, మూడు ఏసీలు, కరెంటు స్కూటరు. సగటున రెండు నెలలకు 1000 యూనిట్లు. బిల్లు 6,870. మన ఎండకు 1 కిలోవాట్ ప్యానెల్ రోజుకు నాలుగు యూనిట్ల దాకా ఇస్తుంది. 3 కిలోవాట్లయితే రెండు నెలలకు 720. అప్పుడు ఆ తమ్ముడు ఈబీ నుంచి కొనేది 280 యూనిట్లు, బిల్లు 611. అంటే బిల్లు బిల్లుకు 6,259 మిగులు. సంవత్సరానికి 37,500 పైన. కొంచెం అటూ ఇటూ అయినా మూడున్నరేళ్ళలో పెట్టిన డబ్బు చేతికొస్తుంది. ఈ తమ్ముడికి నేను చెప్పేది ఒకటే: మీటింగు కోసం కూడా ఆగొద్దు, రేపే దరఖాస్తు పెట్టు. డీలరు ఐదేళ్ళంటే నీకు తక్కువ చెప్పాడు.

రెండోది నాలాంటి పింఛనుదారు ఇల్లు. భార్యాభర్తలు ఇద్దరే. 300 యూనిట్లు. బిల్లు 705. సంవత్సరానికి 4,230. బిల్లు పూర్తిగా సున్నా అయిపోయిందనే అనుకుందాం. 1,22,000ను 4,230తో భాగించండి. ఇరవై ఎనిమిదేళ్ళు దాటుతుంది. ఆ బావకు ఇప్పుడు అరవై తొమ్మిది. ప్యానెల్‌కు కంపెనీ చెప్పే ఆయుష్షే ఇరవై ఐదేళ్ళు. బావ ఆయుష్షు గురించి నేను ఏమీ రాయను, నూరేళ్ళు బతకాలి. కానీ ప్యానెల్ ఆయుష్షు అయిపోయాక కూడా ఆ డబ్బు రాదు.

మిగిలిన కరెంటు ఈబీకి అమ్ముకోవచ్చు కదా అంటారు. మిగిలింది గ్రిడ్‌కు పోతుంది, నిజమే. కానీ సంవత్సరం చివర మిగులుకు ఇచ్చే ధర మనం కొనే ధర కాదు. మన మొట్టమాడి మీద పవర్ హౌస్ పెట్టి వ్యాపారం చెయ్యడానికి ఆ పథకం రాలేదు.

మరి ఆ బావకు 1 కిలోవాట్ చాలదా అని డీలరును నేనే అడిగాను. దానికి కూడా 30,000 సబ్సిడీ ఉంది. చేతి నుంచి పడేది నలభై వేల చిల్లర. "అది చిన్నది సార్, గిట్టుబాటు కాదు" అన్నాడు. ఎవరికి గిట్టుబాటు కాదు? బావకైతే పదేళ్ళలో తీరుతుంది. గొప్ప బేరం కాదు గానీ ఇష్టముంటే పెట్టుకోవచ్చు. ఇరవై ఎనిమిదేళ్ళ దాన్ని అమ్మడానికి పదేళ్ళ దాన్ని దాచారు. నా కోపం అక్కడ.

ఇంకో కాటా కూడా ఉంది, మన వయసువాళ్ళకు బాగా తెలిసిన కాటా. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకంలో ఇప్పుడు వడ్డీ 8.2 శాతం. 1,22,000 అందులో వేస్తే సంవత్సరానికి పది వేలు వస్తుంది, అసలు అలాగే ఉంటుంది. అంటే ఏ సామాను కొన్నా, అది సంవత్సరానికి మిగిల్చేది ఆ పది వేల కంటే బాగా ఎక్కువ ఉండాలి. ఎందుకంటే సామాను అరిగిపోతుంది, అసలు అరగదు. 400 యూనిట్ల ఇంటి బిల్లు సంవత్సరానికి 7,050. మొత్తం సున్నా అయినా పోస్టాఫీసే గెలుస్తుంది. 500 యూనిట్ల ఇంటికి 10,830. అక్కడ సరిసమానం. చూశారా, మళ్ళీ ఆ 500 గీత దగ్గరికే వచ్చాం. ఏడాది పొడుగునా గీత దాటి వాడేవాళ్ళకు 3 కిలోవాట్ల సోలార్ మంచి బేరం. దాటనివాళ్ళకు అది డీలరుకు మంచి బేరం.

నేను చూసిన పదకొండులో ఏడాదంతా గీత దాటేవి రెండే ఇళ్ళు. ఇంకో మూడు ఇళ్ళు ఎండాకాలం బిల్లుల్లో మాత్రం దాటుతాయి. మిగతావి ఎప్పుడూ దాటవు. ఒక ఇంట్లో 100 కూడా దాటడం లేదు, ఆ ఇంటి గురించి చివర్లో చెబుతాను. మరి వంద ఇళ్ళు చేరాలని ఎందుకు పట్టు?

ఎండాకాలంలో మాత్రం దాటే ఇళ్ళ గురించి కొంచెం ఎక్కువ రాయాలి. మనలో చాలామంది ఆ రకమే. అలాంటి ఒక ఇంటికి కత్తిరి ఎండల బిల్లు 560 యూనిట్లు వచ్చింది. కట్టింది 2,544. అదే 480 దగ్గర ఆగి ఉంటే 1,679. ఎనభై యూనిట్లకు 865 రూపాయలు, అంటే యూనిట్ పదకొండు రూపాయలకు దగ్గర పడింది. పై నుంచి కోసిన యూనిట్లే ఖరీదైనవి. ఎనభై యూనిట్లు కొయ్యడానికి 2 లక్షల సామాను అవసరమా?

ఆ ఇంట్లో ఫ్యాన్లు ఇల్లు కట్టినప్పుడు పెట్టినవి. ఇరవై రెండేళ్ళు. అలాంటి ఫ్యాను 75 వాట్లు తింటుంది. ఇప్పుడు వచ్చే బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల దగ్గర తిరుగుతుంది. రోజుకు పదహారు గంటలు తిరిగే ఫ్యాను మారిస్తే రెండు నెలలకు నలభై మూడు యూనిట్లు తగ్గుతాయి. రెండు ఫ్యాన్లు మారిస్తే ఎనభై ఆరు. ఆరు వేల ఖర్చు. ఎండాకాలం రెండు బిల్లుల్లోనే 1,700 దాకా తిరిగొస్తుంది, మిగతా బిల్లులు కూడా కలిపితే రెండేళ్ళ చిల్లరలో ఆరు వేలూ తీరిపోతాయి. కానీ ఇక్కడ కూడా కాటా మరిచిపోవద్దు. ఎక్కువసేపు తిరిగే రెండు ఫ్యాన్లు మార్చాలి, పండక్కి చుట్టాలొస్తే తిరిగే ఫ్యాను కాదు. మా మేనల్లుడు ఉత్సాహంగా ఇంట్లో ఏడు ఫ్యాన్లూ మార్చాడు, పూజ గదిలోది కూడా. దేవుడికి చల్లగా ఉందేమో గానీ వాడి డబ్బు అక్కడ తిరుగుతూనే ఉంది, తిరిగి రాదు.

ఏసీ సంగతి. దుకాణంలో ఐదు నక్షత్రాలది కొనమంటారు. దాని మీద అతికించిన లేబుల్‌లో సంవత్సరానికి ఇన్ని యూనిట్లు అని రాసుంటుంది. అది సంవత్సరంలో 1600 గంటలు నడిపితే అని వేసిన లెక్క. మా ఇంట్లో ఏసీ అరవై రాత్రులు, రాత్రికి ఏడు గంటలు. మొత్తం 420 గంటలు, లేబుల్ లెక్కలో నాలుగో వంతు. మూడు నక్షత్రాలదానికీ ఐదుదానికీ లేబుల్ మీద 200 యూనిట్ల తేడా కనబడితే, నాకు తేడా యాభయ్యే. ఆ యాభై కోసం ఎనిమిది వేలు ఎక్కువ పెడితే అది తీరేసరికి ఏసీ పాత ఇనుప కొట్టుకు పోతుంది. అదే కొట్టు తమ్ముడి ఇంట్లో ఏసీ ఏడాదికి రెండు వందల రాత్రులు నడుస్తుంది, పైగా అతని పై యూనిట్లు పది రూపాయల ధరలో ఉన్నాయి. అతనికి ఐదు నక్షత్రాలదే సరి. నడుస్తున్న పాత ఏసీని నక్షత్రాల కోసం తీసి పారెయ్యడం మాత్రం ఇద్దరికీ దండగ. అది చచ్చినప్పుడు మంచిది కొనండి.

ఇక మొట్టమాడి. మన అవ్వల కాలం ఇళ్ళు గుర్తున్నాయా? టేకు దూలాలు, వాటి మీద నిలువు ఇటుకలు, సున్నం, పైన తట్టోడు. మద్రాస్ టెర్రస్ అనేవారు. మందంగా ఉండేది, మధ్యాహ్నం కింద పడుకోగలిగేవాళ్ళం. ఇప్పుడు మనవి ఐదంగుళాల కాంక్రీటు స్లాబులు. పగలంతా ఎండ తాగి రాత్రంతా మన మీద కక్కుతాయి. ఏసీ ఆ స్లాబుతోనే పోరాడుతుంది. నేను పోయిన సంవత్సరం పంగుణి నెలలో మా 600 చదరపు అడుగుల మొట్టమాడికి తెల్ల సున్నం, జిగురు కలిపి రెండు పూతలు వేయించాను. కూలీతో సహా నాలుగు వేల లోపు. రాత్రి పది గంటలకు పై కప్పుకు చెయ్యి ఆనిస్తే ఇంతకుముందు చుర్రుమనేది, ఇప్పుడు అనదు. ఏసీ తెల్లవారుజామున ఆపేసి ఫ్యానుతో పడుకుంటున్నాం. వానలకు కొంత కొట్టుకుపోయింది, ఈ సంవత్సరం మళ్ళీ ఒక పూత వేయించాను. బజారులో అమ్మే కూల్ రూఫ్ పెయింటు ఇంకొన్నేళ్ళు నిలుస్తుంది, ఖర్చూ ఎక్కువే. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ కోసం ఏకంగా ఒక పాలసీ తెచ్చింది. మనకు మన సున్నం గుర్తు రావడానికి ప్రొజెక్టరు కావలసి వచ్చింది, అందులోనూ అది లేదు.

ఇక నా తప్పు కూడా చెప్పుకోవాలి. లేకపోతే మామ ఇతరులకే నీతులు చెబుతాడంటారు. రిటైర్ అయిన ఏడాది చేతిలో డబ్బు ఆడుతోంది. ఒక కంపెనీవాడు వచ్చి 200 లీటర్ల సోలార్ వాటర్ హీటర్ పెట్టాడు. 28,000. మేమిద్దరం. మన మధురై ఊళ్ళో వేన్నీళ్ళు కావలసింది మార్గళి, తై నెలల్లో. గీజరుకు ఆ రెండు నెలలూ పోగా పోగా నాలుగైదు వందలు అయ్యేది. అంటే అది తీరడానికి యాభై ఏళ్ళకు పైన పట్టాలి. పైగా మాది బోరు నీళ్ళు, ఉప్పు. మూడో ఏడాదికల్లా గొట్టాల లోపల తెల్లగా పొర కట్టింది. సర్వీసుకు పిలిస్తే ఫోను ఎత్తలేదు. ఇప్పుడు ఆ ట్యాంకు మీద మా ఆవిడ వడియాలు ఎండబెడుతోంది. "మీ 28,000 వడియాలు" అని పండగ పండక్కీ వడ్డిస్తుంది. ఆ రోజు నేను కాటా వెయ్యలేదు. నలుగురు పెట్టించుకున్నారని పెట్టించుకున్నాను.

డీలరు చెప్పని మాటలు కొన్ని ఉన్నాయి. కరెంటు పోయినప్పుడు ఈ సోలార్ కూడా ఆగిపోతుంది. గ్రిడ్‌కు కలిపిన మామూలు సెట్టు అంతే, లైను మీద పనిచేసే మనిషికి షాకు కొట్టకూడదని అలా పెట్టారు. బ్యాటరీ కావాలంటే ఖర్చు వేరే. మీటింగులో ముగ్గురు నన్ను "ఇక ఇన్వర్టరు అక్కర్లేదు కదా అన్నా" అని అడిగారు, అంటే వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. రెండోది, ప్యానెల్ ఇరవై ఐదేళ్ళు ఉన్నా దాని ఇన్వర్టరు అంతకాలం ఉండదు, మధ్యలో ఒకసారైనా మార్చాలి. మూడోది, 3 కిలోవాట్లకు నీడ పడని 300 చదరపు అడుగులు కావాలి. పక్కింటివాడు రేపు ఒక అంతస్తు లేపితే? మన వీధుల్లో గోడకు గోడ. నాలుగోది, అన్నదమ్ముల మధ్య పంపకం కాని ఇళ్ళు మనలో ఎన్ని ఉన్నాయో నేను చెప్పక్కర్లేదు. మొట్టమాడి ఎవరిదో తేలకుండా దాని మీద లక్ష రూపాయలు బిగిస్తే కోర్టుకు ఇంకొక కాగితం పెరుగుతుంది. పాత టెర్రస్ ఇళ్ళవాళ్ళు ఇంజనీరుకు చూపించకుండా బోల్టు దించనివ్వొద్దు.

నాకు వచ్చిన అభ్యంతరాలకు కూడా జవాబు చెబుతాను.

"టారిఫ్ పెరుగుతూనే ఉంటుంది మామా." పెరుగుతుంది. 2022లో పెంచారు, 2024లో పెంచారు. 2022కు ముందు ఎనిమిదేళ్ళు పెంచలేదు, అది కూడా చెప్పండి. సరే, రేపే రెండింతలు అయిందనుకుందాం. 300 యూనిట్ల ఇంటికి సంవత్సరానికి 8,460. అప్పుడు కూడా పోస్టాఫీసు పది వేలే ఎక్కువ. 400 యూనిట్ల ఇంటికి మాత్రం అప్పుడు లెక్క మారుతుంది. మారినప్పుడు మళ్ళీ కూర్చుందాం. సూర్యుడు ఎక్కడికీ పోడు.

"అన్నిటికీ డబ్బేనా, భూమి వేడెక్కుతోంది కదా" అని కాలేజీ చదివే అమ్మాయి ఒకతె రాసింది. ఆ మాటకు నేను తల వంచుతాను. కానీ తల్లీ, భూమికి మంచి చెయ్యాలన్నా ఆ లక్ష ఎక్కడ పెడితే ఎక్కువ యూనిట్లు తగ్గుతాయో చూడాలి కదా. ఇద్దరున్న ఇంటి మీద 3 కిలోవాట్లు పెట్టే డబ్బుతో నలభై పాత ఫ్యాన్లు మార్చొచ్చు. ఒక్కొక్కటీ రోజుకు పదహారు గంటలు తిరిగేదైతే నలభై ఫ్యాన్లు రెండు నెలలకు 1,700 యూనిట్లు మిగులుస్తాయి. ప్యానెల్ ఇచ్చేది 720. నువ్వు సైన్సు చదువుతున్నావు, నా లెక్క సరిచూసి చెప్పు.

"బెంగళూరులో మా అన్నయ్య పెట్టించాడు." బెంగళూరులో మా మేనకోడలు కూడా ఉంది. అక్కడ గృహజ్యోతి అని నెలకు 200 యూనిట్ల దాకా ఉచితం, దానికీ షరతులున్నాయి. వాళ్ళ టారిఫ్ వేరు, వాళ్ళ లెక్క వేరు. నా లెక్క హోసూరు గేటు దాటితే పనికిరాదు. వాళ్ళ లెక్క ఇటు దాటినా అంతే.

ఇప్పుడు 100 యూనిట్లు కూడా దాటని ఆ ఇంటి మాట. మనందరికీ తెలిసిన అక్కే. భర్త పోయాడు, పూలు కట్టి అమ్ముతుంది, సిమెంటు రేకుల ఇల్లు. బిల్లు సున్నా. నా కాటా ప్రకారం ఆమె ఇంట్లో ఏం మార్చినా మిగిలేది సున్నా. ఫ్యాను మార్చినా సున్నా, సోలార్ పెట్టినా సున్నా. కమిటీ జాబితాలో ఆమె పేరు కూడా ఉంది, అడ్వాన్సు తీసుకునేవాళ్ళలో! ఎవరు రాశారో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. నేను బిల్లు చూసి వెళ్ళబోతుంటే ఆమె అన్నది, "అన్నా, కరెంటు సంగతి వదిలెయ్, రేకు కింద రాత్రి నిద్ర లేదు. వైకాశి పోయేదాకా వీధిలో మంచం వేసుకుని పడుకుంటాను, ఆడమనిషిని." నా దగ్గర జవాబు లేదు. అంతసేపూ రూపాయలు లెక్కపెట్టుకుంటూ తిరిగాను, ఆమె నిద్రను ఏ గడిలో రాయాలో తెలియలేదు.

ఆమె రేకుల మీద తెల్ల పూత వేయిస్తే మూడు, నాలుగు వేలు. బిల్లులో ఒక్క రూపాయి తగ్గదు. అయినా ఈ పోస్టులో నేను రాసిన అన్ని ఖర్చుల్లో ముందు పెట్టవలసిన ఖర్చు అదేనని నా మాట. అలాంటి రేకుల ఇళ్ళు మన సంఘంలో నాకు తెలిసి తొమ్మిది ఉన్నాయి. తొమ్మిదికీ కలిపి ముప్ఫై ఆరు వేల లోపు. డీలరుకు ఒక ఇంటికి మనం కట్టబోయేదాంట్లో మూడో వంతు కూడా కాదు.

చదువుల నిధి గురించి ఒక మాట, తర్వాత ఆపుతాను. అది మా నైనా కాలంలో నెలకు రెండు రూపాయలు వసూలు చేసి మొదలుపెట్టిన నిధి. ఈ సంవత్సరం ఆ నిధితో ఆరుగురు పిల్లలు ఫీజు కట్టారు. ఇంటికి 78,000 చొప్పున పది ఇళ్ళకు ఇస్తే 7,80,000. సబ్సిడీ ఆలస్యమైతే, ఎవరి కాగితాల్లోనైనా పేరు తేడా వచ్చి ఆగిపోతే, జూన్‌లో కాలేజీ ఫీజుకు ఎవరి తలుపు కొడతాం? మన ఈబీ కార్డులు సగం చనిపోయిన తాతల పేర్ల మీదే ఉన్నాయి, పేరు మార్పిడి జరగందే దరఖాస్తు కదలదు. అప్పు కావలసినవాళ్ళకు బ్యాంకులు ఈ పథకానికి అప్పు ఇస్తున్నాయి. బ్యాంకు కనీసం కాగితాలు చూస్తుంది. మనం మొహమాటం చూస్తాం. కోశాధికారి బావా, నువ్వు మంచివాడివి, నీ మీద నాకు అనుమానం లేదు. కానీ ఆ నిధిలోంచి ఒక్క రూపాయి ప్యానెల్‌కు పోయినా నేను సర్వసభ్య సమావేశంలో లేచి నిలబడతాను, కూర్చోమన్నా కూర్చోను.

కార్యదర్శి తమ్ముడికి నా విన్నపం. వచ్చే మీటింగు అజెండాలో ఈ మూడూ పెట్టు. డీలరుతో సంఘం పేరు మీద ఏ ఒప్పందమూ వద్దు, కావలసిన ఇల్లు తనంతట తాను మూడు కొటేషన్లు తెచ్చుకుంటుంది. చదువుల నిధి ముట్టుకోకూడదు. తొమ్మిది రేకుల ఇళ్ళకు తెల్ల పూత, దానికి విరాళం వేరేగా వసూలు. నా పేరు మీద రెండు వేలు ఇప్పుడే రాసుకో.

మిగతావాళ్ళందరూ ఈ ఆదివారం పొద్దున పది గంటలకు మండపం పక్క గదికి ఒక ఏడాది బిల్లులు, అంటే ఆరు, తీసుకుని రండి. కాగితాలు పారేసినవాళ్ళు సర్వీసు నంబరు తెస్తే చాలు, మా మనవడు ఫోనులో తీసి ఇస్తాడు. ఒక్కో ఇంటికి పది నిమిషాలు పడుతుంది. సోలార్ పెట్టుకోవలసినవాళ్ళకు పెట్టుకోమనే చెబుతాను, దరఖాస్తు కూడా కూర్చుని నింపిస్తాను. డీలరు కూడా రావచ్చు, ఆయన ఇంటి బిల్లు కూడా తెస్తే చూస్తాను.